అంపైరు జేబులో బెయిల్స్

ఆరు రోజులు సైట్‌లో ఇనుము కట్టే లచ్చన్న, శుక్రవారం సెలవు పొద్దున మాత్రం ఆ ఎడారి దేశపు ఊరు సీబ్‌లో పిల్లల క్రికెట్‌కు అంపైరు. ఆ శుక్రవారం ఓడిపోతున్న జట్టుకు కోచ్ జితేందర్. సైట్‌లో లచ్చన్నకు ఫోర్‌మన్ కూడా ఆయనే. ఆయన ఒక్క మాటకే కిందటి నెల ఇద్దరు పని పోయి ఇంటికి విమానమెక్కారు.

"గది ఔట్ గాదారా? కండ్లు కనవడ్తలేవా?" అని జితేందర్ గీత బయటినుంచి అరిచాడు.

మొదటిసారి మెల్లగా చెప్పు, రెండోసారి గట్టిగా చెప్పు, మూడోసారి ఆట ఆపి బయటికి పంపు. అంపైర్ల శిక్షణలో నేర్పింది అదే. లచ్చన్న దగ్గరికెళ్లి, "సార్, పిల్లలు బుగులువడ్తున్నరు" అన్నాడు. రెండోసారి గట్టిగానే చెప్పాడు. మూడోసారి జితేందర్ మైదానంలోకే వచ్చి, క్యాచ్ వదిలేసిన తన జట్టు పిల్లను రెక్క పట్టి గుంజాడు.

లచ్చన్న స్టంపుల మీది బెయిల్స్ తీసి జేబులో వేసుకున్నాడు. "మీరు బయటికి పోయేదాక ఆట లేదు సార్."

జితేందర్ పిల్లను వదిలాడు. ఈసారి అరవలేదు. "రేపు డ్యూటీకి వస్తవు గదా," అని నవ్వి, కారువైపు నడిచాడు.

లచ్చన్న బెయిల్స్ పెట్టబోతే ఒకటి పడింది. మళ్లీ పెడితే రెండూ పడ్డాయి.

"ఏమైంది అంకుల్?" అంది ఆ పిల్ల.

"గాలి, బిడ్డా."

పిల్ల వాటిని తీసుకుని తనే పెట్టింది. కదలకుండా నిలబడ్డాయి.