తువ్వాళ్లు ఎక్కిన బస్సు

మా ఇంట్లో రహస్యాలు నిలవవు. దానికి కారణం నేనే. ఇరవై ఏడేళ్లు డీజిల్ బస్సు తోలాను. ఇంజన్ నా మోకాలికి ఆనుకుని ఉండేది. దాన్ని మించి వినపడాలంటే గొంతు పెంచక తప్పేది కాదు. డ్యూటీ దిగినా గొంతు దిగేది కాదు. కూరలో ఉప్పు తక్కువైందని నేను మా ఇంట్లో అంటే ఎదురింటివాళ్లు వాళ్ల కూర రుచి చూసుకునేవారు. మా మరదలికి పెళ్లి కుదిరిన సంగతి లగ్గంపత్రిక చేతికొచ్చాక గానీ నాకు తెలియలేదు. ఎందుకు చెప్పలేదని మా ఆవిడను అడిగితే, "నీకు చెప్పుడు, గల్లీల మైకు పెట్టుడు ఒక్కటే" అన్నది. నాకు కోపం వచ్చింది. ఆ కోపం కూడా గల్లీ అంతా విన్నది.

అలాంటి నన్ను ఒకరోజు డిపో మేనేజర్ పిలిచి హైడ్రోజన్ బస్సు అప్పజెప్పాడు. మన ఊరికి పరీక్ష కోసం ఒక్కటే వచ్చింది. నెలరోజులు హనుమకొండ నుంచి స్టేషన్ ఘన్‌పూర్‌కు ఎక్స్‌ప్రెస్‌గా తిరగాలి. జనం ఎక్కితే ఉంటుంది, ఎక్కకపోతే ఇంకో ఊరికి పోతుంది. "నువ్వైతేనే పైలంగ తోలుతవని ఇస్తాన" అన్నాడు మేనేజర్. అసలు సంగతేమిటంటే మిగతావాళ్లెవరూ ఒప్పుకోలేదు. హైడ్రోజన్ అంటే బాంబేనని మా మెకానిక్ ఒకాయన క్యాంటీన్‌లో చెప్పి పెట్టాడు. నేనూ నమ్మాను. కానీ మేనేజర్ ముందు కాదనే అలవాటు నాకు లేదు.

బస్సుతో పాటు కంపెనీ ఇంజనీరు ఒకడు వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ మడత చెదరకుండా ఉండేవాడు. పాఠ్యపుస్తకం తెలుగు మాట్లాడేవాడు. "ఇది పొగ వదలదు సార్, నీళ్లు మాత్రమే వదులుతుంది" అని మొదటిరోజే అందరికీ చెప్పాడు. హైడ్రోజన్ గాలితో కలిసి కరెంటు పుట్టిస్తుందట, ఆ కరెంటుతో బండి నడుస్తుందట, మిగిలేది నీళ్లేనట. జనం శ్రద్ధగా తలలూపారు. తర్వాత ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చి, "అన్నా, రేడియేటర్ కారుతాంది, జర చూపించరాదు" అని చెవిలో చెప్పి పోయారు.

నేను స్విచ్ తిప్పాను. ఏమీ కాలేదు. మళ్లీ తిప్పాను.

"సార్, బండి ఇప్పటిదాకా ఆన్‌లోనే ఉంది. మీరే ఆపేశారు" అన్నాడు ఇంజనీరు.

బస్సు కదిలితే నాకు భయమేసింది. చప్పుడే లేదు. వెనకసీట్లో ఎవరో గాజులు సర్దుకోవడం వినపడింది. ఇన్నేళ్లూ నా బస్సులో జనం మాట్లాడుకుంటారని తెలుసు గానీ, ఏం మాట్లాడుకుంటారో ఆ రోజే విన్నాను. ఎక్కువగా డ్రైవర్లను తిట్టుకుంటున్నారు.

నాలుగోరోజు ఇంటికి వచ్చి మంచినీళ్లడిగాను. మా ఆవిడ చెంబు పక్కన పెట్టి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "పానం బాగలేదా? గింత మెల్లగ అడుగుతానవ్?" అన్నది. నాకే తెలియకుండా గొంతు దిగింది. ఆ సాయంత్రం చాలారోజుల తర్వాత ఆమె నా పక్కన కూర్చుని, పక్కింటివాళ్ల కోడలి గురించి పదినిమిషాలు చెప్పింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఈ బస్సు పోతే నేను మళ్లీ ఆ ఇంజన్ పక్కన కూర్చోవాలి. కాబట్టి ఇది పోకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

అయితే మన బస్టాండు పద్ధతి ఒకటుంది. బస్సు వచ్చి ఆగగానే జనం సీటు మీద తువ్వాలో దస్తీయో వేసి, దిగిపోయి చాయ్ తాగుతారు. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేసి రెండుసార్లు రేజ్ ఇస్తాడు. ఆ బుర్రుబుర్రు వినగానే గ్లాసులు పెట్టేసి ఉరికొస్తారు. హారన్‌కు ఎవరూ లేవరు. మా దగ్గర హారన్ అంటే పలకరింపు కింద లెక్క.

మొదటి నాలుగు రోజులూ కొత్త బండి మోజులో జనం ఎక్కినవాళ్లు దిగకుండా కూర్చున్నారు. ఐదోరోజు పొద్దున అద్దంలో చూస్తే బస్సు నిండుగా ఉంది. సీట్ల మీద ఎర్రవీ తెల్లవీ కనిపిస్తున్నాయి. ఇంజనీరు నా వెనకే కూర్చుని గడియారం చూసి, "సమయం అయింది సార్" అన్నాడు. మా కండక్టరమ్మ ఉరుక్కుంటూ వచ్చి ఎక్కింది. టికెట్ మెషిన్‌లో కాగితం ఇరుక్కుంటే తల వంచుకుని దాన్ని పీకుతోంది. నేను తలుపు మూసి బయలుదేరాను. జనం ఎంత బుద్ధిగా కూర్చున్నారో అనుకుంటూ తోలుతున్నాను.

కాజీపేటలో కండక్టరమ్మ తలెత్తింది. "అన్నా" అన్నది. "ఏంది చెల్లె?" అన్నాను. "జనమేరి?"

ఇరవై రెండు తువ్వాళ్లు, ఆరు దస్తీలు, రెండు హెల్మెట్లు, టమాటల సంచి ఒకటి. మేం ముగ్గురం కాక మనిషంటూ ఉన్నది ముందుసీట్లో ఒక్కతే. రోజూ గంపతో ఘన్‌పూర్ పోయి జామకాయలు అమ్ముకునే అవ్వ. ఆమె కూడా నిద్రపోతోంది.

"తువ్వాళ్లకు టికెట్ కొట్టాల్నా?" అన్నది కండక్టరమ్మ. ఇంజనీరు మొహంలో రక్తం లేదు.

ఘన్‌పూర్‌లో తువ్వాళ్లు దండెం మీద ఆరేసుకుని కూర్చున్నాం. వెనకాలే వచ్చిన డీజిల్ బస్సులోంచి ఆ జనం దిగారు, దిగినవాళ్లు దిగినట్టే నా మీదికి వచ్చారు. ఒకే రకం ఎర్రతువ్వాళ్లు తొమ్మిది ఉంటే, ఎవరిది ఏదో తేల్చడానికి వాసన చూసుకోవాల్సి వచ్చింది. ఒకాయన మరీ. తన తువ్వాల ఇక్కడిదాకా సీటు విడవకుండా వచ్చింది కాబట్టి తిరుగు ప్రయాణంలో కూడా ఆ సీటు తనదేనన్నాడు.

మరునాటి నుంచి జనం ఈ బస్సు దరిదాపులకు రాలేదు. "అది చెప్పకుంట పోతది" అన్నారు. రోజుకు అవ్వ, ఇంకో నలుగురు. ఇంజనీరు కాగితం మీద ఆ సంఖ్య రాస్తుంటే చూడలేకపోయేవాణ్ని.

చివరికి సిగ్గు విడిచాను. ఈ బస్సుకు స్టాపుల పేర్లు చెప్పడానికి బయటికి వినపడే స్పీకర్ ఉంది. మైకు తీసుకుని, పెదవులు బిగించి, "బుర్ర్... బుర్ర్ర్ర్" అన్నాను. ఇరవై ఏడేళ్లు పక్కన కూర్చుని విన్న చప్పుడు కదా, దించేశాను. చాయ్ హోటల్ ఖాళీ అయింది. ఒకాయన గ్లాసుతోనే ఎక్కేశాడు.

ఆ తర్వాత రోజూ అదే వరస. బస్సు నిండేది. అవ్వ మాత్రం, "రెండో రేజు సరిగ్గ పడలే, మల్లొకపారి" అని తప్పులు పట్టేది. ఇంజనీరు కిటికీ వైపు తిరిగి ఏమీ విననట్టు కూర్చునేవాడు.

ఆఖరిరోజు పైనుంచి పెద్దసార్లు వస్తున్నారన్నారు. జనాన్ని లెక్కపెడతారు, చప్పుడు కొలిచే డబ్బా కూడా తెస్తారు. ఇంజనీరు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "సార్, ఈ బస్సు గొప్పతనమే నిశ్శబ్దం. ఇవాళ ఒక్కరోజు దయచేసి మైకు ముట్టుకోకండి."

ముట్టుకోకపోతే జనం రారు. ముట్టుకుంటే డబ్బా పలుకుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో డ్రైవర్ సీట్లో కూర్చుని తెలుసుకున్నాను.

సార్లు బస్సు పక్కన డబ్బా పట్టుకుని నిలబడ్డారు. "అద్భుతం" అంటున్నారు. లోపల అన్నీ తువ్వాళ్లే. బయలుదేరడానికి మూడు నిమిషాలు ఉంది. కండక్టరమ్మను పంపి పిలిపిస్తే, "బండి ఇంక స్టార్టే చెయ్యలే గదా, తాగనియ్యి" అన్నారట. మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చూడటం గుర్తొచ్చింది.

అప్పుడు అవ్వ లేచింది. "ఈ బస్సు పోతే నా కాయలు మల్ల ఇంజన్ పక్కన ఉడుకుతయ్. ఈ ఏసీల సల్లగుంటానయ్" అంటూ గంప నా మీద వదిలి దిగింది. తిన్నగా హోటల్ దగ్గరికి పోయి, కొంగు నడుముకు చెక్కి, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకున్నట్టు నిలబడి, "బుర్ర్ర్... బుర్ర్ర్ర్ర్ర్!" అన్నది. రెండో రేజు నాకంటే బాగా పడింది.

అందరూ ఉరికొచ్చారు. హోటలాయన కూడా నాలుగడుగులు వేసి, తను ప్రయాణికుడు కాడని గుర్తొచ్చి ఆగిపోయాడు. బస్సు పక్కన డబ్బాలో అంకె మాత్రం మెదలలేదు.

"ఎవరావిడ?" అన్నాడు పెద్దసారు.

"ప్రయాణికురాలు సార్. ప్రజల్లో ఉత్సాహం చాలా ఎక్కువగా ఉంది" అన్నాడు ఇంజనీరు. నెలరోజుల్లో అతను ఆడిన అబద్ధం అదొక్కటే అనుకుంటాను.

సాయంత్రం మేనేజర్ పిలిచి బస్సు మనకే ఉంటుందని, తోలేది కూడా నేనేనని చెప్పాడు. ఇంటికి పోయేదాకా నా కాళ్లు నేల మీద నిలవలేదు. మా ఆవిడ వంటింట్లో రొట్టెలు కాలుస్తోంది. నేను ముందుగదిలో కూర్చుని, "బస్సు ఉంటాంది" అన్నాను.

"ఏంది? వినవడ్తలేదు. జర గట్టిగ చెప్పు" అన్నది లోపలినుంచి.

గట్టిగా చెప్పడం నాకు తెలియని విద్య కాదు. అయినా మళ్లీ అంతే మెల్లగా అన్నాను. పెనం దింపిన చప్పుడు వినపడింది. ఆమె పిండి చేతులతోనే వచ్చి, నా పక్కన కూర్చుని, చెవి నా నోటి దగ్గర పెట్టింది.