నా చేతికి తగ్గ బరమా

గాలం, ఎర, ఓపిక, ఇవన్నీ తర్వాత, బంగారం. చెరువు గడ్డకట్టి ఉంటే ముందు కావాల్సింది కన్నం. ఆ కన్నం పెట్టే చేతి బరమా కొనడానికి వెళ్లి నేను పడ్డ అవమానం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చెప్పింది చెప్పినట్టు రాయి, ఒళ్లు మండుతుందనే రాయి. మంచి మాట వెతక్కు.

ఎనభై రెండో, ఎనభై మూడో. అప్పుడు అమెరికాలో, అరోరా అనే ఊళ్లో ఉన్నాం. నేను ఆస్పత్రిలో నర్సుని. శనివారం కూడా డ్యూటీయే. ఆదివారం చర్చి, వారానికి సరిపడా వంట. నాకంటూ మిగిలేది ఒక్క మంగళవారం. ఆ రోజు మీ తాతయ్య ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి. మా వార్డులో ఒక పెద్ద నర్సు ఉండేది, అమెరికావిడ. రెండు చలికాలాలు మంగళవారం మంగళవారం నన్ను చెరువుకి తీసుకెళ్లి ఐసు మీద చేపలు పట్టడం నేర్పింది. కన్నం ఆవిడ బరమాతో ఆవిడే పెట్టేది. తర్వాత రిటైరై ఫ్లోరిడా వెళ్లిపోయింది. అక్కడ ఐసు గ్లాసులో తప్ప దొరకదు కదా, బరమా అల్లుడికి ఇచ్చేసింది.

మరి నా చేపలో? షాపులో దొరికేది తల లేని, తోక లేని, ఇటుకలాగా బిగిసిపోయిన చేప. దాంతో పులుసు పెడితే చింతపండు దండగ. నేను గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, తలకాయ లేని పులుసు తినమంటే ఎలా తింటాను? అందుకని సొంత బరమా కొనుక్కోవాలనుకున్నాను. నేను ఒక్కదాన్నే తిప్పగలిగేది. ఐసు మీద ఎవరినో పిలిచి, బాబూ, కాస్త కన్నం పెట్టి పెట్టు అని బతిమాలే పని లేకుండా.

ఆదివారం చర్చి అవగానే మీ తాతయ్యా నేనూ గాలాలు, బరమాలు అమ్మే షాపుకి వెళ్లాం. చర్చి చీర, దాని మీద కోటు, కాళ్లకి స్నో బూట్లు. షాపతను నా వంక చూడనే లేదు. మీ తాతయ్యకి షేక్‌హ్యాండిచ్చి, "ఏం పట్టాలనుకుంటున్నారు సార్?" అన్నాడు.

"నేను పట్టను, ఆవిడ పడుతుంది" అన్నారు మీ తాతయ్య.

"ఓ, వెరీ నైస్!" అని నాతో ఒక్క ముక్క అని, మళ్లీ ఆయన వైపే తిరిగి ఎనిమిదంగుళాల వెడల్పు కన్నం పెట్టే బరమా తీశాడు. నిలబెడితే దాని పైన ఉండే గుండు పిడి సరిగ్గా నా గెడ్డం కింద ఆగింది. ఒక చేత్తో ఆ గుండు నొక్కుతూ, ఇంకో చేత్తో కింద వంపు పిడి తిప్పాలి. గెడ్డం కిందున్న దాన్ని ఎలా నొక్కను? దవడతోనా?

పక్కన ఐదంగుళాలది ఉంది. పిడి కిందకి దింపుకోవచ్చు. "అది చూపించు" అన్నాను.

"ఏమే, ఐదంగుళాల కన్నంలోంచి పెద్ద చేప ఎలా వస్తుంది?" అన్నారు మీ తాతయ్య.

"ఏవండీ, ఆ చెరువులో ఉండేవి బ్లూగిల్లులు. నా అరచేయంత ఉంటాయి. వాటికి ఎనిమిదంగుళాల వాకిలి దేనికి, మేళతాళాలతో వస్తాయా?"

ఆయన విన్లేదు. ఆయన అలవాటు ఆయనది. పిల్లలకి కోటు కొన్నా రెండు సైజులు పెద్దది, బూట్లు కొన్నా ముందు దూది కూరాల్సిందే. ఎదుగుతారు కదా అని. నేనేం ఎదుగుతానని? నాకప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు!

"సరే, తిప్పి చూసి తీసుకుంటాను" అన్నాను. షాపతను నవ్వాడు. "మేడమ్, ఇక్కడ ఐసు లేదు."

"నేను తెచ్చుకుంటాను."

మీ తాతయ్య నా మోచెయ్యి పట్టుకుని తెలుగులో మొదలెట్టారు. "పరువు తీయకే. ఇక్కడెవరూ అలా అడగరు."

"తోక విరిచి చూడకుండా బెండకాయ కొంటామా? కొట్టి చూడకుండా కొబ్బరికాయ కొంటామా? పది చలికాలాలు వాడే వస్తువు అతని నవ్వు చూసి కొనమంటారా?" అని బయటికి వచ్చేశాను.

ఆ వారం చలి మైనస్‌లోకి పోయింది. క్రిస్మస్ విందులకి పులావు వండే డేక్సా మా ఇంట్లోనే ఉండేది. దాన్నిండా నీళ్లు పోసి వెనక మెట్ల మీద పెట్టాను. నాకు తట్టని సంగతేంటంటే, నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయి. ఆదివారానికి డేక్సా అడుగు బయటికి పొంగి కుండలాగా అయిపోయింది. ఇంజినీరు మొగుడు రోజూ దాని పక్కనుంచే కారెక్కాడమ్మా, చెప్పాలి కదా! "నువ్వు అడగలేదుగా" అన్నారు.

చర్చి అవగానే ఇద్దరం దాన్ని స్టేషన్ వ్యాగన్ నుంచి షాపు పార్కింగ్ లాట్‌లోకి దించాం. షాపతను బయటికొచ్చి డేక్సా చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. పాపం, ఒప్పుకున్నాడు. బరమా పళ్లు డేక్సా అడుగుకి తగలకూడదని మాత్రం షరతు పెట్టాడు. పళ్లంటే కొసనుండే బ్లేడ్లు.

ముందు ఎనిమిదంగుళాలది తీసుకున్నాను. రెండు చుట్లు తిప్పానో లేదో, ఐసు తెగలేదు కానీ డేక్సాయే బొంగరంలా గిర్రున తిరిగింది! అడుగు గుండ్రమైపోయింది కదా. "పట్టుకోండి!" అని అరిచాను. మీ తాతయ్య సూటూ టైతో మంచులో కూలబడి రెండు కాళ్లతో డేక్సాని బిగించి పట్టుకున్నారు. చర్చి నుంచి వెళ్తున్నవాళ్ల కార్లు స్లో అయ్యాయి. కానీ ఏం లాభం, మళ్లీ పది చుట్లు తిప్పేసరికి నా భుజాలు పడిపోయాయి. తెగింది రెండు వేళ్ల లోతు.

"మీ వారిని ట్రై చెయ్యనివ్వండి" అన్నాడు షాపతను.

సరే, నేను డేక్సా పట్టుకున్నాను. మీ తాతయ్య కోటు విప్పారు, టై వదులు చేశారు, మొహం కందగడ్డయింది. ఇంకో నాలుగు వేళ్లు దిగింది. "ఈజీయే" అన్నారు, ఆయాసపడుతూ.

తర్వాత ఐదంగుళాలది. పిడి నా ఛాతీ కిందకి దించుకుని నొక్కాను. కొబ్బరి కోరినట్టు తెల్లగా, పొడిపొడిగా ఐసు పైకి లేచింది. చెయ్యి ఆపకుండా జానెడు లోతు దింపేశాను. కింద గడ్డకట్టని నీళ్లు బుడుక్కున పైకొచ్చి నా చీర అంచు తడిపాయి. ఎంత సంతోషమేసిందో!

అప్పుడు షాపతను ఏమన్నాడో రాయి. చెమట పట్టింది నాకు, తెచ్చుకున్న ఐసు నాది, తడిసిన చీర నాది. మీ తాతయ్య వైపు తిరిగి, "అయితే సార్, మీరు ఏది తీసుకుంటారు?" అన్నాడు!

నేను వాళ్లిద్దరి మధ్యకి వెళ్లి నిలబడ్డాను. "తిప్పేది ఈ చెయ్యి. నన్నడుగు" అన్నాను ఇంగ్లీషులో. గ్రామరు తప్పు ఉంటే ఉంది. అతను నన్ను చూశాడు, మొదటిసారి. "యెస్ మేడమ్" అని ఐదంగుళాలది తీసుకెళ్లి బిల్లు రాశాడు. బిల్లు మీద పేరు మాత్రం మళ్లీ మిస్టర్‌దే. కొట్టేయించి నాది రాయించాను.

ఎల్లుండే మంగళవారం. చెరువు మీద నేను, నా బరమా, బోర్లించిన బకెట్ మీద కూర్చోడానికి ఒక దుప్పటి. నాలుగు కన్నాలు పెట్టాను, ఎవరినీ పిలవలేదు. సాయంత్రం ఇంట్లో పులుసు పొంగుతుంటే మీ తాతయ్య ఆఫీసు కోటు విప్పకుండానే వచ్చి గిన్నెలోకి తొంగి చూశారు. తలకాయ తనకే వెయ్యమన్నారు.

నెల తిరక్కుండా ఒక మంగళవారం సెలవు పెట్టి నాతో వచ్చారు. చెరువు మధ్యకి వెళ్లాక చేతులు రుద్దుకుంటూ, "ఇటివ్వు, ఆడదానివి, నువ్వు తిప్పుతుంటే చూసేవాళ్లకి బాగోదు" అన్నారు.

చూసేవాళ్లంటే ఎవరమ్మా? అర మైలు దూరంలో ఒక ముసలాయన, ఆయన కుక్క.

ఇవ్వలేదు. "మీకు కావాలంటే షాపులో ఆ ఎనిమిదంగుళాలది ఇంకా ఉంది, వెళ్లి కొనుక్కోండి" అని నా కన్నం నేను పెట్టుకున్నాను. ఆయనకి కూడా ఒకటి పెట్టాను, కాస్త దూరంగా.