గ్రేసమ్మ కుట్టిన రైక

“ఏం రైక తొడిగేది అత్తా?”

“ఊపిరాడేది తొడగమ్మే.”

మా మేనత్త నాగమ్మకూ నాకూ నడిచిన ఆఖరి మాటలు ఇవే. మా ఆయన పోయాక నాకు తోడుంటానని కుప్పం వచ్చి, మా ఇంట్లోనే పోయింది. ట్రంకు పెట్టె అడుగు నుంచి గ్రేసమ్మ కుట్టిన రైక తీసి, అదే తొడిగి పంపాను.

నిన్న మా అక్క కూతురు సుజాత ఫోన్లో ఏవో బొమ్మలు చూపించింది. ఆఫ్రికా ఆడవాళ్లు, నిండైన ఒళ్లు, పెళ్లిళ్లకు కట్టుకునే బట్టలు: వదులు చేతుల రైక, నడుముకు చుట్టిన పట్టు, తలకు గోపురంలా నిలబెట్టిన బిరుసు గుడ్డ. లావువాళ్లకని అంగళ్లే వేరంట. ఇదేదో ఇప్పుడు పుట్టినట్టు చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. నాకు చదువు రాదు, నేను చెబుతాను నువ్వు రాయమన్నాను.

మదనపల్లెలో మాది మగ్గాల ఇల్లు. వానాకాలంలో తడి ఆరని పట్టునూలు వాసన, గుంటమగ్గం చప్పుడు, పెనం మీద కాలే ఓళిగల నెయ్యి వాసన, వీటన్నిటి మధ్యా కాళ్లు చాపుకొని కూర్చుని కండెలు చుట్టే మా అత్త ఒడిలో మేము ముగ్గురు పిల్లలం ఒకేసారి పట్టేవాళ్లం. ఊరి పెళ్లికూతుళ్లందరి పట్టూ ఆమె చేతిమీదుగా పోయేది, ఆమెకు మాత్రం ఒక్క చీరా చాలేది కాదు. కుచ్చిళ్లకు వస్తే కొంగుకు రాదు. టైలరు అయితే కొలతకు పోయిన ప్రతిసారీ, నీకు రైక కాదమ్మా షామియానా కుట్టాల అనేవాడు. కుట్టడం చేతగాని వాడికి నోరొకటి.

ఎమర్జెన్సీ అయిపోయిన కొత్తలో అక్కకు పుంగనూరు సంబంధం కుదిరింది. మా ఇళ్లలో పెళ్లికూతురికి మేనత్తే ఆరతి ఇవ్వాలి. మా పెద్దమ్మ మాత్రం, నాగమ్మను వంటింట్లోనే ఉంచుదాం, మగపెళ్లివాళ్లు చూస్తే పిల్ల కూడా రేపు ఇట్లే ఊరిపోతుందనుకుంటారు అని తీర్మానించింది. తాను చీపురుపుల్లలా ఉండేది, బుద్ధీ అంతే సన్నం. అత్త ఆ రోజు అన్నం ముట్టలేదు. అక్కను పెంచిందే ఆమె.

పక్కింట్లో బాడుగకు గ్రేసమ్మ ఉండేది. నైజీరియా మనిషి, వాళ్లాయన మన కాలేజీలో చదువుకునేవాడు. అత్తంత ఒళ్లు ఆమెది, పండగొస్తే వీధి నిండిపోయేలా ముస్తాబై నడిచేది. అత్త ఏడుపు గోడ అవతలికి వినిపించి వచ్చింది. సంగతి విని, వచ్చీరాని తెలుగులో, “పెద్ద మనిషి, పెద్ద గుడ్డ. ఏం తప్పు?” అంది. వాళ్ల దేశంలో పెళ్లికూతురి తరఫువాళ్లంతా ఒకే తాను గుడ్డ కట్టుకుంటారంట, ఎవరు అయినవాళ్లో చూడగానే తెలియాలని.

ఆ మాట అత్తకు పట్టుకుంది. మగ్గం మీదున్న మామ దగ్గరికి పోయి, “కొంగు ఎయ్యబాక. నేస్తానే ఉండు” అంది. మామ చీర పొడుగు దాటినా ఆపకుండా నేస్తానే పోయాడు. ఆ వంకాయరంగు పట్టు గ్రేసమ్మ నేల మీద పరిచి, టేపు ముట్టకుండా, అత్తను దానిమీద పడుకోబెట్టి చుట్టూ సుద్దముక్కతో గీసి కత్తిరించింది. ఇద్దరికీ అదే గుడ్డ, ఇద్దరికీ తలపాగాలు.

పుంగనూరు సత్రంలో వాళ్లిద్దరూ పక్కపక్కన నడిచి వస్తుంటే మేళంవాళ్లు కూడా వాయించడం మరిచిపోయారు. పెళ్లికొడుకు తండ్రి, అంతవరకు మా నాయన నిలబడి మాట్లాడుతున్నా కుర్చీ దిగని పెద్దమనిషి, ఇద్దరూ ఫారిన్ దొరసానులనుకుని దిగ్గున లేచి, తన కుర్చీ అత్తకు జరిపి, “సిట్ మేడమ్, సిట్” అన్నాడు.

అత్త కూర్చోలేదు. “నేను మీ కోడలి మేనత్తనప్పా. ఆరతి పళ్లెం యాడ పెట్టినారు?”

ఆయన మొహం మాడిపోయింది. కుర్చీ వెనక్కి లాక్కుని మళ్లీ తానే కూర్చున్నాడు. ఆ మర్యాద ఫారిన్‌కు గానీ మేనత్తకు కాదు. అత్త నేరుగా పోయి పెద్దమ్మ చేతిలోని పళ్లెం తీసుకుని ఆరతి ఇచ్చింది. అక్క ఆమె కాళ్లకు మొక్కి లేవనే లేదు, పురోహితుడు విసుక్కునేదాకా.

ఇప్పుడు మా మగ్గం గుంటలు పూడ్చి సిమెంటు పోశారు. ఒళ్లు చూసి నేసేవాళ్లు లేరు. కుప్పం అంగళ్లలో ఏ జాకెట్టు అడిగినా ఫ్రీ సైజంటారు, అది నా మోచేయి దాటదు. చదువుకున్న పిల్లలు అందులో పట్టడానికి కడుపు మాడ్చుకుంటున్నారు, థూ.

సుజాతా, ఆ కుర్చీ వెనక్కి లాక్కున్నాయన మీ తాతే. ఆ మాట మింగేసినావా, రాసినావా? ఏదీ, మొదట్నించీ సదువు, ఇంటాను.