రాగి పట్టీల పీపా

రెండేళ్ళ క్రితం ఆఫీసు పని మీద షార్జా వైపు సముద్రతీర పట్టణం కల్బాలో ఒక అరబ్బు వ్యాపారి ఇంటికి వెళ్ళాను. ఆయన వచ్చేలోగా, ఇల్లు చూసుకునే నర్సయ్య పెరట్లోని రేకుల గది చూపిస్తానన్నాడు. పాత ఓడల సామానంతా అందులోనే ఉందట. నర్సయ్యది జగిత్యాల వైపు ఊరు.

"బూట్లు గీడనే ఇడువుండ్రి సార్," అన్నాడు గుమ్మం దగ్గర. తనూ చెప్పులు విడిచి, మొలకున్న తాళాల గుత్తి తీసి బయట పెట్టాడు. లోపల మూలగా చిన్న చెక్క పీపా. చెప్పులు విడిచామంటే మనకింకేం తోస్తుంది? తాకి కళ్ళకద్దుకున్నాను.

నర్సయ్య నవ్వాడు. "దేవుడు గాదు సార్, తుపాకి మందు పీపా. నూటయాభై ఏండ్ల కింద సరుకు ఓడలల్ల తెచ్చేటోళ్ళట. పట్టీలు సూడుండ్రి, రాగివి. ఇనుము తాకి నిప్పురవ్వ లేస్తే ఓడంత ఖలాస్. మేకుల బూట్లతోని మందు గదిలకు ఎవ్వలు పోకపోయేది. దీపం సుత అద్దం అవుతలనే."

"ఇప్పుడిది ఖాళీయే కదా?"

"ఖాళీదే. నేను ఇంతకుముందు గుట్టలల్ల రాళ్ళు పేల్చే కాడ చేసిన సార్. మందు కాడికి పోయేముందు జేబులు దులుపుకునుడే. ఆ అలవాటు పోలే."

రాగి పట్టీ మీద వేలు పెట్టాను, చల్లగా ఉంది. నడిసముద్రంలో ఓడ ఊగిపోతుంటే, వట్టికాళ్ళతో దిగి ఈ పీపాలు కదలకుండా కట్టిన మనుషులెవరో. ఏమీ జరగనివ్వలేదు కాబట్టే వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు.

వచ్చేముందు పీపాను మళ్ళీ తాకి కళ్ళకద్దుకున్నాను. ఈసారి నర్సయ్య నవ్వలేదు.