గేదెకు సరిపోయిన నివాళి

నా చిన్నప్పుడు, డెబ్బైల్లో, తిరువూరు మొత్తం మీద నాకు బాగా చిన్నచూపు ఉన్న మనిషి మా చిన్న మామయ్య. ఆయన కలం మీద బతికేవాడు. అలాగని కథలూ నవలలూ కాదు. ఎరువుల కొట్టుకు కరపత్రం, సినిమా హాలుకు ప్రకటన, పెళ్ళికి పద్యాలు, బడి వార్షికోత్సవానికి నాటిక, ఎవరు ఏది అడిగితే అది. మధ్యాహ్నానికల్లా కావాలనో, బస్సు కదిలేలోగా ఇవ్వాలనో ఎవరో ఒకరు వాకిట్లో నిలబడే ఉండేవారు. అంత హడావుడిలోనూ ఆయనకు ప్రయోగాలొకటి. పత్తి విత్తనాల కరపత్రాన్ని పత్తి మొక్క రైతుకు రాసిన ఉత్తరంలా రాసి, చదువుకుని తానే మురిసిపోయేవాడు. నేను మొహం తిప్పుకునేదాన్ని.

నేనేమో బడిలో వ్యాసరచనకు మొదటి బహుమతి తెచ్చుకున్నదాన్ని. పన్నెండేళ్ళకే నాకు రాని సమాసం లేదని నమ్మకం. ఆ పిల్లను ఇవాళ తలుచుకుంటే నాకు రోత పుడుతుంది.

ఒకరోజు పొద్దున్నే పెనుగొలను నుంచి ఒకావిడ వచ్చింది. కూలి పని చేసుకునే మనిషి. భర్త పోయి వారం దాటింది. మర్నాడు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. అక్కడ పంచడానికి ఆయన గురించి చిన్న కాగితం అచ్చు వేయించాలని ఆమె పట్టుదల. అలాంటివి పెద్ద రైతులు పోతేనే అచ్చయ్యేవి. ప్రెస్సువాళ్ళు మూడింటికల్లా రాత అందకపోతే కుదరదన్నారు. మామయ్య నాటిక మధ్యలో పీకల దాకా మునిగి ఉన్నాడు. నేను రాస్తానన్నాను. జాలితో కాదు, రాయడమంటే ఏంటో ఆయనకు చూపిద్దామని.

ఆమెను పోయినాయన పేరొక్కటే అడిగి, పావుగంటలో పేజీ నింపేశాను. మృదుభాషి, నిగర్వి, అజాతశత్రువు, ఆయన లేని లోటు తీరనిది. గొంతు సవరించుకుని వినిపించాను. ఆమె తల వంచుకుని అంతా విని, మెల్లగా అడిగింది.

“ఇది మా ఆయన గురించేనా అమ్మా?”

చదువు లేని మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. మామయ్య నన్ను వంటింట్లోకి పిలిచాడు. నా చేతిలో కాగితం తీసుకుని, పేరు కొట్టేసి, ఆ చోట ‘మా గేదె’ అని రాసి, చదవమన్నాడు. చదివాను. మా గేదె మృదుభాషి. మా గేదె నిగర్వి. అజాతశత్రువు దగ్గర చదవడం ఆపేశాను.

“ఒక్క మాటైనా తప్పుందా?” అన్నాడు. లేదు. “గేదెకి సరిపోయేది ఆవిడకెందుకిస్తున్నావు? వెళ్ళి అడుగు. ఇంకా టైముంది.”

వెళ్ళి ఆమె పక్కన కింద కూర్చున్నాను. మొదట ఆమె మంచోడు అంది, అంతే. ఆయనకు ఇష్టమైన పనేమిటని అడిగితే, ఆమె మొహంలో చిన్న నవ్వు కదిలింది.

“బస్సు బోర్డు చదివించుకునేవాడమ్మా. ఆయనకి అక్షరం ముక్క రాదు. మా ఊరి బస్సు ఏదో తెలుసు, అయినా ఎవరో ఒకర్ని పట్టుకుని బోర్డు చదవమనేవాడు. మా ఊరి పేరు వాళ్ళ నోట వినాలని.”

అక్కడి నుంచి ఆమె ఆగలేదు. నేను ఆమె మాటలే రాసుకున్నాను. మామయ్య ఒక్క ‘కీర్తిశేషులు’ కూడా తగిలించనివ్వలేదు. మూడింటికి ఇంకా కొంచెం ఉందనగా కాగితం ప్రెస్సుకు చేరింది.

మర్నాడు మామయ్యతో కలిసి కూడికకు వెళ్ళాను. పాస్టరుగారు అది చదువుతుంటే బస్సు బోర్డు దగ్గర జనం నవ్వారు. నవ్వుతూనే కొందరు కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఆయనకు ఆ బోర్డు చదివి పెట్టినవాళ్ళే. ఇంత బాగా ఎవరు రాశారని ఎవరో అడిగితే, మామయ్య ఆ ఇల్లాలి వైపు చూపించాడు. నాకు ఉక్రోషం వచ్చింది. ఇంటికి వచ్చేసరికి సిగ్గు వచ్చింది.

తర్వాత నేనూ ఏ ఉద్యోగమూ లేకుండా రాతల మీదే బతికాను. ఇప్పటికీ ఫోన్లు వస్తాయి. ఎవరో పోయారు, సాయంత్రానికి ఒక పేజీ కావాలంటారు. చిన్ననాటి ఆ చిన్నచూపు నాలో చావలేదు, చిరునామా మార్చుకుంది. మనిషిని చూడకుండా రాసే వాక్యమంటే ఇప్పటికీ ఏవగింపే, అందులోనూ నా వాక్యమైతే మరీ. పంపే ముందు పోయినవాళ్ళ ఇంటికి ఫోన్ చేసి చదివి వినిపిస్తాను. భాష గొప్పగా ఉందంటే చింపేస్తాను. అవతలి వాళ్ళు “అవునండి, అచ్చం అలాగే చేసేవాడు” అంటేనే పంపుతాను.