నాపరాయి మీది అలలు

బజారులో ఎవరో కొత్త ఇంటికి నాపరాళ్ళు కోయిస్తుంటే, నీళ్ళు పడిన రాతిపొడి వాసనకు నా కాళ్ళు ఆగిపోయాయి. గురజాల పక్కన మా ఊళ్ళో, నా తొమ్మిదో ఏట, ఎండాకాలమంతా మా నాయన ఒంటి మీద ఉండే వాసన అది. వారమంతా గనిలో రాళ్ళు చీల్చి, ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని మా కతోలిక గుడిలో పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశి ఆయన. ఈస్టరు పండక్కి ముందు నలభై రోజుల తపస్సుకాలంలో నీసు ముట్టకుండా జొన్నసంగటి, గోంగూర పచ్చడి తిని, సాయంత్రాలు ఇంకా వేడి చల్లారని బండల మీద కూర్చుని జపమాల చెప్పుకుంటుంటే, నాయన గొంతు వెనకే మా గొంతులన్నీ నడిచేవి.

ఆ ఏడు బడిలో పంతులుగారు అలల్లాంటి గీతలున్న రాయి చూపించి, కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రం ఉండేదని చెప్పారు. ఆదివారం నాయన, దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని చేశాడని చెబుతుంటే నేను లేచి, "పంతులుగారు కోట్ల ఏళ్ళన్నాడే, ఎవరిది నిజం నాయనా?" అన్నాను. పిల్లలు నవ్వారు. నాయన ముఖం మాడిపోయింది.

"రేపట్నుంచి బడికి పోమాక," అన్నాడు ఇంటికొచ్చాక.

నాలుగు రోజులు పలక ఒళ్ళో పెట్టుకుని ఇంట్లో కూర్చున్నాను. ఐదోనాడు ఆయన గనిలోంచి అలాంటి రాయే ఒకటి గోనెలో చుట్టి భుజానికెత్తుకుని, నన్ను వెంటబెట్టుకుని మా చుట్టుపక్కల గుళ్ళన్నిటికీ ఫాదరైన విచారణ గురువు గారి బంగళాకు నడిచాడు.

స్వామి ఆ గీతల్ని వేళ్ళతో చాలాసేపు తడిమారు. "సూర్యుణ్ణి దేవుడు ఎన్నో రోజున చేశాడు?"

"నాలుగో రోజు, స్వామీ."

"సూర్యుడే లేని మొదటి మూడు రోజులు ఎంత పొడుగో నీకు తెలుసా? నాకూ తెలియదు. చేసింది ఆయనే. ఎన్నాళ్ళు పట్టిందో పంతులు వెతుక్కుంటే తప్పేముంది? బిడ్డను బడికి పంపించు."

నాయన తలవంచుకున్నాడు. "ఈ గీతలు చిన్నప్పట్నుంచీ చూస్తానే ఉన్నా స్వామీ. ఏందని అడిగితే పాపమేమోనని చానా భయమేసింది."

ఆయనకు భయముంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు నాయన ఆ రాయి మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. ఉన్నట్టుండి, "ఏమే మరియా, ఆ సముద్రంలో చేపలుండేయంటావా?" అన్నాడు.

"పంతులుగారిని అడిగి చెప్తా," అన్నాను. బడికి పోయిన సంబరంలో మరిచిపోయాను. ఆయనా మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు ఆ గనిలో నీళ్ళు నిలిచి తుమ్మలు మొలిచాయి. మేం కూర్చున్న బండలు ఎవరెవరి ఇళ్ళకు పోయాయో. పెద్ద చదువులో ఆ జవాబు నాకు దొరికేనాటికి నాయన పోయి మూడేళ్ళయింది. ఆ సముద్రం నాటికి చేపలింకా పుట్టలేదు. చేపల్ని దేవుడు ఐదో రోజున చేశాడని మాకు చెప్పింది ఆయనే. అక్కడ ఐదో రోజింకా తెల్లవారలేదు నాయనా అంటే, ఎంత మురిసిపోయేవాడో.