పక్క వెలుగులో పోతరాజు

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే తొమ్మిదేళ్లు నిండి నాలుగు నెలలైనప్పుడు, మా తాత చెక్కిన పోతరాజును చూడటానికి నలుగురు పెద్దమనుషులు మా వాకిట్లోకి వచ్చారు. కడుపునిండా తిని, మిట్టమధ్యాహ్నం వచ్చారు. వాళ్ల తెలివి అంతే.

మా ఊరు నల్లగొండకు ఆరు మైళ్లు. తాతది రాతిపని. పోచమ్మ గుడి లోపల, తలుపు పక్క గోడకు నిలబెట్టే పలక అది. ఇరవై మూడు రోజులు చెక్కాడు. రోజుకొక బొగ్గు గీత గోడ మీద నేనే గీశాను కనుక ఆ లెక్కలో తప్పు లేదు. ఆ రోజు పలక వాకిట్లో వెల్లకిలా పడి ఉంది. సూర్యుడు సరిగ్గా దాని మీదే ఉన్నాడు.

ఊరి పటేలు వంగి చూసి నవ్వాడు. "ఏందిరా ముసలోడా, రొట్టె పిండి మీద ఏళ్లు ఒత్తినట్టున్నది. మీసమేది? కండ్లేవి?"

ఆయన నవ్వాకే మిగతా ముగ్గురూ నవ్వారు. వాళ్లకు సొంత నవ్వు కూడా లేదు. రేపే రంగులు వేయిద్దామన్నాడు పటేలు. ఎర్ర నోరు, తెల్ల కళ్లు, నడుముకు పచ్చ దట్టీ. ఆ నూనెరంగు ఒక్క పూత పడితే ఉలి గీసిన సన్నగీతలన్నీ పూడిపోతాయి. తాత పని ఇక ఎవరికీ కనబడదు. తాత నావైపు చూశాడు, నేనేమంటానో అని.

"అవు తాతా, నాకు సుత కనబడ్తలేదు," అన్నాను.

"నలుగురే అనుకున్న. ఐదుగురు," అన్నాడు తాత.

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

ఆయన లోపలికి పోయి గొంగడి, ఇత్తడి తాంబాళం తెచ్చాడు. "పటేలా, జర తలా ఒక కొస పట్టుండ్రి. నీడ కావాలె." కొసలు నాలుగు, మనుషులు నలుగురు. తప్పించుకునే దారి లేదు. గొంగడి నీడలో పలక నల్లబడింది. తాత ఎండలో గొంతుకూర్చొని, తాంబాళాన్ని వంచి, దాని మెరుపును రాయి మీదికి పక్కనుంచి పారించాడు. గీతగీతకూ నీడ పుట్టింది. పోతరాజు లేచాడు. మీసంలో పదకొండు పాయలు. దట్టీకి ఏడు మడతలు. కోపంతో కుడి కన్ను ఎడమదానికంటే పెద్దదిగా తెరిచి ఉంది.

పటేలు గొంగడి వదల్లేదు. "గిట్ల చూస్తె మంచిగనే ఉన్నది," అని గొణిగాడు.

"ఎట్ల చూసినా గట్లనే ఉన్నది పటేలా. గుడిల వెలుగు తలుపుకెల్లి వస్తది, పక్కకెల్లి పడ్తది. యాడ నిలబడ్తడో ఆ జాగా చూసే చెక్కిన. మీ పగటి తిండి యాళ్ల చూసి కాదు."

రంగు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పొద్దు వాలాక తాత పలకను గోడకు ఆనించి, నన్ను ముందు దూరంగా, తర్వాత దగ్గరగా నిలబెట్టాడు. నీ కన్ను మొదట యాడికి పోయింది, దాన్ని ఆడికి ఎవరు తోలిండ్రు, అని అడిగాడు. చాలాసేపు చూశాను. పోతరాజు చేతిలోని కొరడా వంపు వెంబడే నా చూపు ఆ కుడి కంటికి చేరుతోందని అప్పుడు తెలిసింది. ఆ మాట చెప్తే మెచ్చుకోలేదు. "గంత చూసినంక నోరు తెరువు," అన్నాడు.

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు మా చెల్లెలి మనవరాలితో పానగల్ గుళ్లకు పోయాను. ఒక కాలేజీ గుంపు శిల్పాల స్తంభం ముందు పద్నాలుగు క్షణాలు నిలబడింది. అందులో పదకొండు క్షణాలు స్తంభానికి వీపు పెట్టి, ఫోనులో తమ ముఖాలు చూసుకుంటూ నిలబడింది. అద్భుతమన్నారు. ఏది అద్భుతమని అడిగితే "మొత్తం" అన్నారు. ఏమీ చూడనివాడికే మొత్తం కనబడుతుంది. మనవరాలు మాత్రం ఒక మూలనున్న బొమ్మను చూసి, ఇందులో ఏమీ లేదే అంది. నిజం చెప్పాలంటే ఆ మాట నా నాలుక మీద కూడా ఉంది.

మింగేశాను. వెలుగు ఎటునుంచి పడుతోందో చూసి, ఆమె భుజం పట్టుకొని రెండడుగులు పక్కకు జరిగాను. ఈ మోకాళ్లకు రెండడుగులంటే చిన్న పని కాదు. అయినా రాతిని తప్పుబట్టే ముందు నేనే జరుగుతాను.